తాలు ఏరే కళ్ళు

1985 మార్చిలో శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు నేను నరసరావుపేట వైపు ఒక పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. గెజిటెడ్ హోదా ఉంది గనక నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. బయటివాళ్ళకు ఆ పేరు ఘనంగా వినిపిస్తుంది. అసలు అర్థం ఇంతే: ఒక పోలింగ్ కేంద్రంలో ఒక రోజుపాటు ఏం జరిగినా సమాధానం చెప్పుకోవలసిన మనిషి. నాకు పడిన కేంద్రం మాచర్ల అవతల, కృష్ణ వైపు ఉన్న ఒక పల్లెలో. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు.

ఉత్తర్వు చూసి మా ఆవిడ బెంగపడింది. పల్నాడులో ఎన్నికలంటే ఆ రోజుల్లో ఎవరికైనా కొంత జంకే. నేను మాత్రం బింకంగా, పొడిచే ఎద్దులనే చూసినవాణ్ణి, ఓటర్లు నన్నేం చేస్తారని అన్నాను. ఆ బింకం మాచర్లలో సామాను అప్పగించే చోటు దాకా బాగానే నిలిచింది. ఇనప బ్యాలెట్ పెట్టె, చెరగని సిరా సీసా, ముద్రలు, ఓటు పేపర్ల కట్టలు లెక్క చూసుకుని సంతకం పెట్టాక, ఇక ఇవన్నీ నా నెత్తిన ఉన్నట్టే అని తెలిసివచ్చింది. నాకిచ్చిన సిబ్బంది ముగ్గురు పోలింగ్ ఆఫీసర్లు, ఒక కానిస్టేబులు. పోలింగ్ ఆఫీసర్లలో పెద్దవాడు రామకోటయ్య మాస్టారు. ఎలిమెంటరీ స్కూలు టీచరు, గురజాల దగ్గరి మనిషి. ఇలాంటి డ్యూటీలు చాలా చేసినవాడు, అవసరమైతే తప్ప మాట్లాడడు.

లారీ మమ్మల్ని దించింది ఊరి బడి దగ్గర. నాపరాళ్ళు పరిచిన కప్పు, ఒకటే గది, ముందు వసారా. బడి గోడ పక్కనే మిరపకాయల కళ్ళం. మార్చి నెల గనక కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కళ్ళమంతా ఎర్రగా ఆరబోసి ఉంది. ఆ ఘాటుకు మా కానిస్టేబులు దిగీ దిగగానే తుమ్మడం మొదలుపెట్టి మర్నాడు దాకా ఆపలేదు.

ఆ కళ్ళం మునసబు గారిది. మునసబు పదవిని ప్రభుత్వం అంతకు ముందు ఏడాదే రద్దు చేసింది. పదవి పోయింది గానీ పిలుపు పోలేదు, ఊరి మీద పట్టూ పోలేదు. సాయంత్రం ఆయనే వచ్చి పలకరించాడు. అరవై దాటిన మనిషి, తెల్లటి పంచె, మాట చాలా మర్యాద. మాకు భోజనం పంపిస్తానన్నాడు. ఊళ్ళో ఎవరి ఆతిథ్యమూ తీసుకోకూడదని మాకు గట్టి ఆదేశం ఉంది, ఆ మాటే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. గోడ మీదుగా కళ్ళం చూపించి, గుంటూరు యార్డులో తన బస్తా విప్పి చూడకుండానే ధర కడతారనీ, తన కాయలో తాలు వెతికినా దొరకదనీ చెప్పాడు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు. అవి నాలుగు కలిసినా బస్తా ధర పడిపోతుంది. అందుకే ఆడవాళ్ళను కూచోబెట్టి కాయా కాయా చూసి ఏరిస్తారు. ఈ సంగతి నాకు తెలుసు. మా అమ్మమ్మ గారి ఊళ్ళో చిన్నప్పుడు నేనూ ఏరాను.

పోలింగు ఉదయం ఎనిమిదింటికి మొదలైంది. ఖాళీ పెట్టెను ఏజెంట్లకు చూపించి, పేపరు సీలు వేసి మూశాను. ఏజెంట్లంటే అభ్యర్థుల తరఫున గదిలో కూచుని చూసుకునేవాళ్ళు. ఒకవైపు ఏజెంటు మునసబు గారి మనిషి. రెండోవైపు ఏజెంటు వచ్చి కూచున్నాడు గానీ సాయంత్రం దాకా నోరు తెరవలేదు. ఆయన కూడా ఆ ఊళ్ళోనే బతకాలి మరి. ఓటరు రాగానే మాస్టారు జాబితాలో పేరు చూసి పైకి చదవాలి, రెండో ఆయన వేలికి సిరా పెట్టి ఓటు పేపరు ఇవ్వాలి, మూడో ఆయన ముద్ర చేతికిచ్చి మడత ఎలా పెట్టాలో చూపించాలి. మొదట నిలువు మడత, తర్వాత అడ్డ మడత. అలా మడిస్తే తడి సిరా ఇంకో గుర్తుకు అంటదు. మూలన గోనెపట్టా కట్టి మరుగు చేశాం. దాని వెనక్కి వెళ్ళేది ఓటరు ఒక్కరే.

ఈ ఒక్కరే అన్నదానికి ఒక మినహాయింపు ఉంది. చూపు లేకో, చేతులు పనిచేయకో గుర్తులు పోల్చుకోలేని, ముద్ర వేయలేని ఓటరు వెంట, ఆ ముద్ర వేసిపెట్టడానికి ఒక సహాయకుణ్ణి పంపవచ్చు. ఆ సహాయకుడు ఓటు వయసు వచ్చినవాడై ఉండాలి. ఆ రోజుకు ఒక్కరికే సాయం వెళ్ళాలి. ఓటు గుట్టు బయట పెట్టనని రాసివ్వాలి. అన్నిటికన్నా ముందు, ఓటరుకు నిజంగా చూపు లేదని ప్రిసైడింగ్ ఆఫీసరుకు నమ్మకం కుదరాలి. చదువు రాకపోవడం దీనికి కారణం కాదు.

మొదట ఒక పెద్దాయన కోడలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. రెండు కళ్ళల్లోనూ తెల్లగా పూలు పడ్డాయి. అడిగే పనే లేదు, పంపాను. ఆ తర్వాత కొంచెంసేపటికి వసారా అవతల వేపచెట్టు కింద మంచం వేశారు. మునసబు గారు వచ్చి కూచున్నారు. అక్కణ్ణుంచి చూపులేని వాళ్ళు రావడం ఎక్కువైంది. ఒక ముసలాయన్ని మునసబు గారి పెద్దబ్బాయి తీసుకొచ్చాడు. ఇంకొకాయన్ని రెండో అబ్బాయి తీసుకొచ్చాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క సహాయకుడు, అందరికీ వయసు వచ్చింది, రాసిమ్మంటే గబగబా రాసిస్తున్నారు. రూల్సు నాకన్నా వాళ్ళకే బాగా కంఠతా వచ్చని అర్థమైంది. రెండో ముసలాయన కళ్ళు గట్టిగా మూసుకుని నుంచున్నాడు. గేదెకు చూపుందో లేదో చూడాలంటే కంటి ముందు చెయ్యి ఆడించి రెప్ప చూస్తాను. మూసిన కళ్ళకు ఆ పరీక్ష ఏం పనిచేస్తుంది? ఏమీ కనపడదా తాతా అని అడిగితే, ఆయన బదులు పక్కనున్న అబ్బాయి కనపడదన్నాడు. కాదనడానికి ఆధారం లేక పంపాను. మనసు చివుక్కుమంది. చెట్టు కింద ఇంకా అరడజను మంది ముసలివాళ్ళు వరసగా కూచుని ఉన్నారు.

తర్వాత వచ్చింది అంకమ్మ. బక్కపలచటి మనిషి, ముతక చీర, ముక్కుకు చిన్న ఇత్తడి పుడక. మునసబు గారి తమ్ముడి కొడుకు సాంబయ్య భుజం మీద చెయ్యేసి వచ్చింది. సాంబయ్యకు ముప్పై ఏళ్ళుంటాయి, మెడ బిరుసు మనిషి. ఈమెకు బొత్తిగా చూపానదు, నేను వెంట వెళ్తానన్నాడు. నాకు చిరాకు పుట్టి, ఏదో ఒకటి అడగాలి గదా అని, ఈమె ఏం పని చేస్తుందని అడిగాను.

"ఏం చేసిద్ది సార్, ముసల్ది. ఇంటికాడ కూసోనుంటది," అన్నాడు సాంబయ్య.

అంకమ్మ నా వైపు చూడలేదు. గోడకు చెప్పినట్టుగా చెప్పింది.

"ఊరకే కూసోబెట్టి నాకు కూడెవరు పెడతారయ్యా? మునసబు గారి కళ్ళంలో తాలు ఏరతన్నా. నిన్న పొద్దుగూకేదాకా అదే పని."

గదిలో మాస్టారి కలం ఆగింది. రెండోవైపు ఏజెంటు తల వంచుకున్నాడు. సాంబయ్య మొహంలో రంగు మారి, అది కళ్ళతో చేసే పని కాదు, చేత్తో తడిమి ఏరుతుందన్నాడు. తడిమి ఏరితే పొద్దుటినుంచి సాయంత్రానికి చాటెడు కూడా తేలదని నాకు తెలుసు, ఆ గదిలో అందరికీ తెలుసు. సహాయకుడు అవసరం లేదు, ఓటరు ఒక్కతే వెళ్ళాలని చెప్పాను. సాంబయ్య బల్ల మీద చెయ్యేసి, పశువుల డాక్టరువి, మనుషుల కళ్ళ సంగతి నీకేం తెలుసని గొంతు పెంచాడు. కానిస్టేబులు కోసం చూశాను. ఆయన వసారాలో అటు తిరిగి తుమ్ముకుంటున్నాడు.

గొడవ విని మునసబు గారే గుమ్మం దాకా వచ్చారు. లోపలికి రాలేదు, ఆ మర్యాద ఆయనకు తెలుసు. గొంతు కూడా పెంచలేదు.

"డాక్టరు గారూ, మా ఊరి ముసలోళ్ళని మేం చూసుకుంటాం. మీరు పొద్దుగూకితే పెట్టె తీసుకుని పోయేవాళ్ళు. మీకెందుకండీ ఇదంతా?"

భయం వేసింది. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. చీకటి పడేవేళ ఆ పెట్టెతో ఆ ఊరి దారిలోనే మేం వెనక్కి పోవాలి. అంకమ్మ అదే చోట, సాంబయ్య భుజం మీద చెయ్యి తియ్యకుండా నుంచుంది. ఆమె మర్నాడు ఆ కళ్ళంలోకే పనికి పోవాలి. నేను ఆమెను నీకు చూపుందా లేదా అని నిలదీసి అడిగితే, ఆమె ఏం చెప్పినా ఆమెకే చేటు. అది నాకు ఆ క్షణంలో స్పష్టంగా కనపడింది. అందుకని ఆమెను వదిలేసి ఆయన్ని అడిగాను.

"మునసబు గారూ, ఈమెకు చూపు లేదని మీరు ఈ ఏజెంట్ల ముందు చెప్పండి, నేను పంపిస్తాను. మీ కాయలో తాలు ఏరేది చూపులేని మనిషని కూడా రాసుకోవాల్సి వస్తుంది."

వసారాలో వరస కట్టినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మునసబు గారు వాళ్ళ వైపు ఒకసారి చూశారు. ఒక ఓటు కోసం ఆయన చాలా చేయగలడు. తన సరుకు తడిమి ఏరిన సరుకని ఊరందరి ముందూ ఒప్పుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. చివరికి, సరే, మీ రూలు మీది, అని సాంబయ్యను బయటికి పిలిచి, మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

అంకమ్మ ఓటు పేపరు తీసుకుని గోనెపట్టా వెనక్కి వెళ్ళింది. ఎక్కువసేపు పట్టలేదు. మడత కూడా సరిగ్గా పెట్టి పెట్టెలో వేసింది. వేసి, గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, చెట్టు కిందికే కాదు, ఊరి చివరికి కూడా వినపడేలా అందుకుంది.

"ఏం మనిషివయ్యా నువ్వు? గొడ్లకు మందేసేవాణ్ణి తెచ్చి మనుషుల మజ్జెన కూసోబెట్టారు. సాయానికి పిలగాడొస్తే రానియ్యకపోతివి. ముసల్దాన్ని ఒక్కదాన్నే ఆ గోనెపట్టా ఎనక్కి తోలితివి. నీ ఉద్యోగం మండిపోను."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి కోసం నేను మునసబుతో తగువు పెట్టుకున్నానో ఆ మనిషే నన్ను నానా మాటలూ అంటోంది. లేచి ఏదో అనబోయాను. మాస్టారు జాబితా మీది నుంచి తల ఎత్తకుండా, కూచోండి సార్ అన్నారు.

తర్వాతి ముసలాయన్ని అడిగితే, సాయం వచ్చినవాడు నోరు తెరిచేలోపే తానే, రాత్రి కూడా ఎడ్లబండి తోలుకొచ్చానని చెప్పాడు. సాయం వద్దన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఓటేసి వచ్చి, గుమ్మంలో నుంచుని, ఇట్టాంటి ఆఫీసర్ని జన్మలో చూడలేదని చెట్టువైపు చూస్తూ అరిచి పోయాడు. ఆ తర్వాతి ముసలమ్మ విస్తళ్ళు కుడుతుందట. ఆమె తిట్లు అంకమ్మ తిట్లకన్నా ఘాటు, నా వంశాన్ని కూడా వదల్లేదు. అప్పుడు మాస్టారు నా వైపు కొంచెం వంగి అన్నారు:

"ఇంకో నాలుగు తిట్లు తినండి సార్, పోలింగు అయిపోద్ది."

నేను ఆయన వంక చూశాను. ఆయన నవ్వడం లేదు. ఆ తిట్లన్నీ చెట్టు కింద కూచున్నవాళ్ళు వినడానికని అప్పటికి గానీ నాకు తలకెక్కలేదు.

మధ్యాహ్నం వరస పలచబడ్డాక మంచినీళ్ళకని వసారాలోకి వచ్చాను. సరుకు బండి గుంటూరు పోవాలి కాబోలు, పోలింగు కోసం పొద్దున ఆపిన పని కళ్ళంలో మళ్ళీ మొదలైంది. అంకమ్మ చాట ముందేసుకుని కూచుని ఉంది. వేళ్ళు ఎర్రకాయల్లోంచి తెల్లకాయల్ని చకచకా ఏరి పక్కన పడేస్తున్నాయి. పక్కనున్న ఆడవాళ్ళకు నా గురించే చెబుతోంది, ఇంకా తిడుతూనే ఉంది. ఆమె పక్కనుంచే సాంబయ్య బస్తాలు మోయిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఆమెను ఏమీ అనలేదు. మునసబు గారి ఇంటి ఆడమనిషి ఒకామె అంకమ్మకు మజ్జిగ పోసింది. నాకు పెద్ద బరువు దిగినట్టయింది.

ఆమె ఎవరికి ఓటు వేసిందో నాకు తెలియదు. మునసబు గారు చెప్పినవాళ్ళకే వేసి ఉండవచ్చు కూడా. అది తెలుసుకోవడం నా పని కాదు, ఆయన పనీ కాదు. సాయంత్రం పెట్టెకు సీలు వేసి, లక్కముద్రలు కొట్టి, లారీ ఎక్కి మాచర్లలో అప్పగించి రసీదు తీసుకున్నాం. దారిలో ఎవరూ అడ్డుపడలేదు.

నిబంధనలు ఎందుకుంటాయని అంతకు ముందు ఎవరైనా అడిగితే, తప్పు జరగకుండా ఉండటానికి అని చెప్పి ఉండేవాణ్ణి. వాటికి ఇంకో ఉపయోగం ఉందని ఆ రోజు తెలిసింది. కాదు అని చెప్పలేని చోట బతికేవాళ్ళ బదులు, ఆ కాదు అన్న మాట ఎవరో ఒకరు అనాలి, దాని నింద కూడా ఆ మనిషి మీదే పడాలి. పొద్దుగూకితే వెళ్ళిపోయేవాడి మీద పడితే ఎవరికీ నష్టం లేదు. మునసబు గారు నన్ను భయపెట్టడానికి వాడిన మాటే నిజానికి నా అర్హత.

1989 ఎన్నికల నాటికి నేను కొత్త ప్రిసైడింగ్ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చేవాళ్ళలో ఒకణ్ణి. సీలు వేయడం, మడత పెట్టడం, సహాయకుల రూలు అన్నీ వరసగా చెప్పేవాణ్ణి. చివర్లో పుస్తకంలో లేనిది ఒకటి కలిపేవాణ్ణి: రూలు ప్రకారం మీరు కాదన్నాక ఓటరు మిమ్మల్ని తిడితే బదులు చెప్పకండి, ఆ తిట్టు పూర్తి కానివ్వండి.