శుక్రవారం నాలుగింటికి ఎర్ర దీపం

మా చెల్లెలు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. అక్కడ సెల్లు ఉంచుకోనివ్వరు. శుక్రవారం సెలవు. ఆ రోజు మన నాలుగు గంటలకు నెట్ సెంటర్‌కి వచ్చి కంప్యూటరు తెర మీద నాతో మాట్లాడేది.

మా ఇంటి నెట్ మాది కాదు, కొబ్బరితోట అవతల ఉండే మా పెద్ద తోటికోడలు వాళ్లది. నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు చెల్లెలు ఎవరిచేతనో రాయించి పంపే ఉత్తరాలు నాకు చదివి వినిపించింది ఆవిడే. "మాకెటూ ఉందిగా, వాడుకోవే" అని తనే అంటే, పాలకొల్లు షాపాయన మా డాబా మీద వాళ్ల సిగ్నల్ అందుకునే రిపీటరు బిగించాడు. దాని మీద పచ్చ దీపం ఉంటే మాట వస్తుంది. ఎర్రదైతే లేదు.

ఆ ఏడు చెల్లెలి పని ఒప్పందం గడువు అయిపోవచ్చింది. "నెలాఖరులోగా ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టమంటున్నారక్కా. వచ్చేయనా? బావగారిని అడిగి చెప్పు" అంది. "రమ్మను, వెనక గది ఖాళీయేగా" అన్నారు ఆయన.

ఆ మాట చెబుదామని కూర్చుంటే ఎర్ర దీపం. తోటికోడలిని అడిగితే "మాకూ పోయిందే" అంది. షాపాయన వచ్చి, "కొబ్బరాకులు అడ్డమండి, గాలికి సిగ్నల్ తెగుద్ది" అని యాంటెనా గొట్టం ఎత్తు పెంచాడు. మరుసటి శుక్రవారమూ ఎర్ర దీపమే. ఈసారి అడాప్టరు మార్చాడు. "ఎప్పుడెప్పుడు పోతుందో రాసి పెట్టండమ్మా" అన్నాడు.

నోటు పుస్తకంలో రోజూ రాశాను. వాన పడ్డప్పుడు, ఈదురుగాలికి, పావుగంట, పది నిమిషాలు. మూడో శుక్రవారం మాత్రం గాలి లేదు, వాన లేదు, నాలుగు నుంచి ఆరు దాకా ఎర్రగానే ఉంది.

నాలుగో శుక్రవారం దీపం ఎర్రబడగానే తోట దాటి వెళ్లాను. వాళ్ల నెట్ పెట్టె ప్లగ్గు తీసి మేకుకి తగిలించి ఉంది.

"పిడుగులు పడతాయని తీశానే" అంది తోటికోడలు.

"ఇంత ఎండలోనా అక్కా?"

 ఆవిడ నావైపు చూడకుండా, "ఉత్తరాల రోజుల్లో నా దగ్గరే కూర్చునేదానివి. ఇప్పుడు మీ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో నాకేం తెలుస్తుంది?" అంది.

నేనే ప్లగ్గు పెట్టి ఇంటికి పరిగెత్తాను. పచ్చ దీపం. చెల్లెలు తెర మీదికి వచ్చింది.

"మూడు వారాలు చూశానక్కా. రమ్మనలేక తప్పుకుంటున్నావనుకున్నా. నిన్ననే సంతకం పెట్టేశాను."

వెనక గది సంగతి చెప్పాను. అది తల ఊపింది, అంతే.

తర్వాతి నెల, ఇక నెట్‌ని నమ్ముకోలేక, చెల్లెలు మళ్లీ ఉత్తరం పంపింది. పోస్టుమాన్ని చూసిందేమో, తోటికోడలు వచ్చి మా అరుగు మీద కూర్చుంది. పైకి పలకకుండా చదవడం అప్పటిదాకా నాకు చేతకాలేదు. ఆవిడ ఎదురుగానే, పెదవి కదపకుండా చివరిదాకా చదివి, మడిచి కొంగున ముడేసుకున్నాను.