ఓవిలా తాత పాతగుడ్డలు

క్యూబెక్‌లో మా బోస్ కొండల మీద ఓవిలా తాత కంట పడకుండా పాతగుడ్డ దాచుకోవడం ఎవరి తరమూ కాలేదు. మంచు కరగడం మొదలై, మేపుల్ చెట్ల నుంచి నీరు కారుతోందంటే చాలు, భుజాన గోతం వేసుకుని ఇంటింటికీ బయల్దేరేవాడు. బాగున్నారా అని కూడా అడిగేవాడు కాదు.

"పాతగుడ్డ ఏమన్నా ఉందా?"

ఆ తియ్యనీరు కాచి చేసే సిరప్‌ను వడకట్టడానికట. కాచిన సిరప్‌లో సన్నటి మడ్డి ఉంటుంది. వడకట్టకపోతే ఇసుకలా పంటి కింద కరకరలాడుతుంది. పట్నంలో దానికోసం ఉన్ని సంచులు అమ్ముతారు. "డబ్బు పెట్టి గుడ్డ కొనేవాడి బుర్రకే చిల్లు," అనేవాడు తాత. గుడ్డ ఇచ్చిన ఇంటికి, దాన్ని తిప్పి తిప్పి చూసి, బేరమాడి మరీ సీసాలిచ్చేవాడు.

"తాతా, ఈసారి సిరప్‌లో నా లాగు రుచి తగిలిందే!" అని చర్చి ముందు పొరుగింటి అడెలార్ అరిచేవాడు.

"నీ లాగంతా చిల్లులేరా. అందుకే నీకు ఒక్క సీసా."

ఓ పెళ్ళిలో తాత చూపు పెళ్ళికూతురి మేలిముసుగు మీద నిలిచింది. "అది ఇంకా పాతబడలేదు తాతా!" అని పెళ్ళికొడుకు అడ్డం నిలబడ్డాడు.

మా ఇంటికి మాత్రం మూడేసి సీసాలు వచ్చేవి. నాన్న అడవిలో దుంగ కింద పడి నడుం విరిగాక నేను బడి మానేశాను. అమ్మ ఎవరిదీ ఊరికే పుచ్చుకునే మనిషి కాదు. చర్చివాళ్ళు పంపిన బఠాణీల మూట కూడా తిప్పి పంపేసింది. తాతతో అయితే బేరం కదా! చలికాలమంతా తమ్ముళ్ళు రొట్టె ముంచుకుతినేది ఆ సిరప్పే.

వసంతంలో నేను తాత సిరప్ కాచే కొట్టంలో పనిచేసేదాన్ని. "నువ్వు నోరు విప్పవు, అందుకే పెట్టుకున్నా," అనేవాడు. నోరు విప్పకపోయినా కళ్ళున్నాయిగా. తాత వడకట్టేది ఒకే ఒక్క ఉన్ని దుప్పటి ముక్కతో. సిరప్ వేడివేడిగా ఉండగానే పోసేవాడు. ఆ ముక్కను వేడినీళ్ళలో జాడించడమే, సబ్బు తగలనిచ్చేవాడు కాదు. అప్పటికీ దిగిన మడ్డి సీసాల అడుక్కి చేరేదాకా ఆగి, పైతేట ఊరికి పంచేవాడు. అడుగుది తన రొట్టెకి. "ఇసుక పళ్ళకి మంచిది," అని నా మీద కసిరేవాడు.

మరి ఊరందరి గుడ్డలూ? సబ్బు వాసనేసే ఆ గుడ్డలు సిరప్‌కి పనికిరావు. మడతపెట్టి పెట్టెలో ఉండేవి.

పోయిన వసంతంలో చిక్కొచ్చింది. మా ఇంట్లో ఒంటి మీది గుడ్డలే మిగిలాయి.

"గుడ్డ లేదు. సీసాలు వద్దని చెప్పు," అంది అమ్మ.

చెప్పాను. తాత పొయ్యిలోకి ఓ కట్టె తోశాడు. తర్వాత పెట్టె తెరిచి ఓ కర్టెన్ నా చేతిలో పెట్టాడు. ఎప్పుడో మేమిచ్చినదే.

"అటక మీద దొరికిందని చెప్పు. రేపొస్తా. నోరు జారావో, నీకిక్కడ పని లేదు!"

మర్నాడు గుమ్మంలో అదే ప్రశ్న. అమ్మ కర్టెన్ అందుకుంది. అంచున తను వేసిన కుట్టు మీద ఆమె వేలు ఆగింది. గుడ్డను అటూ ఇటూ తిప్పింది. ఒక్క సిరప్ మరక లేదు. అమ్మ దాన్ని మెల్లగా మడతపెట్టి తాతకిచ్చింది.

"జాగ్రత్తగా వాడు తాతా. వచ్చే ఏడు కూడా పనికొస్తుంది."

తాత చెవులు ఎర్రబడ్డాయి. "గుడ్డ ఫరవాలేదులే," అని గొణిగి, మూడు సీసాలు బల్ల మీద పెట్టి, తలుపైనా వెయ్యకుండా పోయాడు.

ఆకులు రాలే రోజుల్లో తాత చనిపోయాడు. పెట్టె తెరిచాక ఊరంతా వరసలో నిలబడి ఎవరి గుడ్డలు వాళ్ళు తీసుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "గుండీ కూడా కుట్టాడే," అన్నాడు అడెలార్ తన లాగు పట్టుకుని. తాత రొట్టె మీద ఒక్కసారైనా తేట సిరప్ పోసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

ఈ వసంతంలో తాత మేపుల్ చెట్లకు నీరు పట్టే బాల్చీలు తగిలించింది నేనే. కొండ కింద కొత్తగా దిగినవాళ్ళకు చిన్నపిల్లలున్నారు. వాళ్ళమ్మ ఎవరిదీ ఊరికే పుచ్చుకోదట. భుజాన గోతంతో వెళ్ళి తలుపు తట్టాను. ఆమే తలుపు తీసింది. బాగున్నారా అని కూడా అడగలేదు నేను.

"పాతగుడ్డ ఏమన్నా ఉందా?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తాతను మేమూ అలాగే చూసేవాళ్ళం.