లగ్గం పత్రికలో లావు అక్షరాలు

అచ్చు పని నాకు అచ్చిరాలేదని మా అవ్వ చివరిదాకా అనేది. కాదనను. డెబ్బైల మొదట్లో గోదావరిఖని బజారులో ఒక చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చి బతికేవాణ్ని. ఊరంతా బొగ్గుతో నల్లబడితే నేను సిరాతో నల్లబడ్డాను.

మా దగ్గర అక్షరాలు మూడు రకాలు: మామూలువి, లావువి, గుండ్రటివి. ఒక కాగితం మీద రెండు రకాలు మించితే అది పత్రిక కాదు, సంత అని నా నమ్మకం. ఒకటి మాట్లాడాలి, రెండోది పక్కన నిలబడి వినాలి. ఈ నమ్మకం ఆ బజారులో నా ఒక్కడిదే. లగ్గం పత్రిక వేయించే ప్రతివాడికీ మూడూ కావాలి, చుట్టూ పూలతీగ కావాలి, మూలకో చిలక కావాలి. అంతకన్నా రోత ఇంకొకటి ఉండేది. అక్కడ అక్షరం సైజు నౌకరీని బట్టి పెరిగేది. 'ఆశీర్వదించువారు' అంటూ గని మేనేజరు పేరు అందరికన్నా పెద్దగా, షిఫ్టు నడిపించే ఓవర్‌మెన్ పేరు ఒక మెట్టు కింద, ఆ తర్వాత మిగతా దొరలు. వధూవరులు జాతరలో తప్పిపోయిన పిల్లల్లా ఎక్కడో మధ్యలో. పెళ్లి ఎవరిదో తేలాలంటే రెండుసార్లు చదవాలి.

ఒక వేసవిలో, గనిలో బొగ్గు నింపే కార్మికుడొకాయన బిడ్డ పెళ్లి పత్రిక కోసం వచ్చాడు. చదువు పెద్దగా లేదు. నమూనాలన్నీ తిరగేసి గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టాడు.

"మా బిడ్డ పేరు గీ అక్షరాల పడాలె అన్నా. మిగతాది నీ ఇష్టం."

నీ ఇష్టం అన్న గిరాకీ నాకు ఆయన ఒక్కడే. పెద్ద సైజు గుండ్రటివి మా దగ్గర కొన్నే ఉండేవి. పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లతో సరి. మిగిలినదంతా మామూలువాటిలో పేర్చాను. నా పని నాకే ముద్దొచ్చింది.

మర్నాడు ఆయన ముఖం వేలాడేసుకొని వచ్చాడు. ఈ సంగతి వాళ్ల ఓవర్‌మెన్ చెవిన పడిందట. ఆ గుండ్రటి అక్షరాలు తన పేరుకే కావాలట, లేదంటే పెళ్లినాడు లీవు కష్టమట. ముహూర్తం పొద్దున, ఈయనది మొదటి షిఫ్టు. కన్యాదానం చేయాల్సినవాడు ఆ వేళకు భూమి అడుగున తట్ట మోస్తుంటాడన్నమాట.

"ఆయన చెప్పినట్టే ఎయ్యి అన్నా," అన్నాడు. "బిడ్డ పేరు చిన్నగైతే ఏంది, నేనైతే ఉండాలె గద."

సాయంత్రం ఓవర్‌మెన్ స్వయంగా దయచేశాడు. సైకిలు దిగకుండానే తన పేరు ఏ అక్షరాల్లో పడుతోందని అడిగాడు. నా ధైర్యం మా ప్రెస్సులోని అతి చిన్న అక్షరమంత. అందుకని పొగిడాను.

"గుండ్రటియి పెండ్లి పిల్లలకు సారూ. మీ హోదాకు బరువుండాలె."

లావు అక్షరాల్లో ఆయన పేరొక్కటే వేసి చూపించాను. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు, చుట్టూ నల్లగీత కూడా కొట్టమన్నాడు. కొట్టాను. రెండు రకాల నియమం నా చేతులతోనే మూడయింది. లీవు కాగితం మీద సంతకం మాత్రం మర్నాడే పడింది.

లావు అక్షరాలు, చుట్టూ నల్లగీత మా బజారులో ఒక్కదానికే వాడేవాళ్లం: చనిపోయినవాళ్ల దినాల పత్రికకు. ఏ కాగితంలోనైనా తన పేరొక్కటే వెతుక్కునే మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చదువురాని ముసలివాళ్లకు మాత్రం ఆ నలుపు చూస్తే చాలు, కబురు అందేది. పత్రికలు పంచాక, క్వార్టర్ల లైనులోని ఒక అవ్వ ఆ నల్లగీతలోని పేరు ఎవరిదో మనవడితో చదివించుకొని, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఆయన ఇంటికి పరామర్శకు వెళ్లింది. తలుపు ఆయనే తీశాడు.

"ఉన్నవా కొడుకా," అందట. "మంచిగనే ఉన్నవ్ గద."

ఆయన ఊగిపోతూ ప్రెస్సుకొచ్చి ఆ లీవు రద్దు చేయిస్తానన్నాడు. మేనేజరు కారణం అడిగితే ఏం చెప్తారని వినయంగానే అడిగాను. తన పేరు పీనుగు పేరులా పడిందని ఏ నోటితో చెప్తాడు? సైకిలెక్కి వెళ్లిపోయాడు.

పెళ్లికీ రాలేదు. ఆయన కోసం ముందు వరసలో వేసిన కుర్చీలో ఎవరో పిల్లాణ్ని నిద్రపుచ్చారు. పీటల మీద ఆ తండ్రి, ఎంత తోమినా బొగ్గు వదలని గోళ్లతో, అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు.