అక్క చదవని ఇరవై వరుసలు

మా అక్క పాత లిఫ్టుల బోర్డులు బాగుచేస్తుంది. ఆ పనిలోనే అరచేతంత కంప్యూటర్ బోర్డు ఒకటి చేతికొచ్చింది. కరెంటు ఇవ్వగానే దాన్ని నిద్రలేపే మొట్టమొదటి ప్రోగ్రాం మాత్రం బోర్డు చేసిన కంపెనీ గుప్పెట్లో ఉండేది, ఎవరికీ చూపించరట. అక్కకు ఒళ్లు మండింది. ఎవరైనా చదివి మార్చుకునేలా తనే ఒకటి రాసి, ఏడేళ్లుగా లోకానికి ఊరికే ఇస్తోంది. పిల్లలెప్పుడని అడిగేవాళ్లతో, "ముందు దీన్ని నిలబడనివ్వండి" అనేది.

బావ అందులో సగం. ఒకరు రాస్తే రెండోవాళ్లు అచ్చుతీసి, వరుస వరుసకీ పెన్సిల్‌తో టిక్కు పెట్టాకే సరే అనాలి. అది వాళ్లింటి నియమం. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒకరి తప్పులు ఒకరు పట్టుకుని తెగ నవ్వుకునేవాళ్లు. వాళ్ల సరసం నేను చూసిందల్లా అదే.

మొన్న వేసవిలో అక్కకు జ్వరమొచ్చింది. బావ మంచం దగ్గరికొచ్చి, "ఇరవై వరుసలే. మధ్యలో రాసుకున్న వివరణలు సర్దానంతే, సరే అనెయ్" అన్నాడు.

"మీరు రాసిందేగా" అని అక్క పడుకునే ఫోన్లో సరే అని నొక్కేసింది.

కోలుకున్నాక ఆ ప్రోగ్రామునే మా ఊరి గ్రంథాలయంలో కంప్యూటర్లుగా వాడే అలాంటి నలభై బోర్డుల్లో తన చేత్తో ఎక్కించింది. "ఇక ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు, మీరే మార్చుకోవచ్చు" అని లైబ్రేరియన్‌కు మాటిచ్చింది.

నెల తర్వాత చిన్న సవరణ చేసి తీసుకెళ్తే ఒక్క బోర్డూ ఒప్పుకోలేదు. అక్క అక్కడే కూర్చుని ఆ ఇరవై వరుసలూ చదివింది. వాటివల్ల బోర్డు తొలిసారి వెలగగానే కంపెనీ తాళం చిప్‌లో శాశ్వతంగా పడిపోతుంది. ఇక కంపెనీ సంతకం లేని కొత్త ప్రోగ్రాం ఏదీ అందులో నడవదు. పడిన తాళాన్ని తీయడం ఎవరి తరమూ కాదు.

ఇంటికొచ్చి ఆ వరుసలు అచ్చుతీసి బావ ముందు పెట్టింది.

"ఇది చేసిపెడితే కంపెనీవాళ్లు పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. చెబితే నువ్వు ఒప్పుకోవని..." అన్నాడు బావ.

"అందుకని నా జ్వరం చూసుకుని వచ్చారా?"

"ప్రోగ్రాంలోంచి నీ పేరేం తీసెయ్యలేదుగా."

నేను ఊరుకోలేదు. నమ్మించి గొంతు కోశావు బావా అని చెడామడా తిట్టాను. అక్క మాత్రం లోపలికెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు గ్రంథాలయానికి నేనూ తోడు వెళ్లాను. లైబ్రేరియన్ పెద్దావిడ. అంతా విని, "ఇంతకీ ఇది చేసిందెవరమ్మా?" అంది.

బావ పేరు చెప్పి కడిగేస్తుందనుకున్నాను. చెబితే బాగుండుననీ అనుకున్నాను.

"రాసింది మా ఆయన. చదివాను, బాగుంది అని సరే అన్నది నేను. కానీ నేను చదవలేదండీ."

"కట్టుకున్నవాడు రాసింది కూడా అనుమానపడి చదవాలా తల్లీ?"

"అనుమానంతో కాదండీ" అంది అక్క. "ఏడేళ్లూ ఇష్టంతోనే చదివాను."

ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయింది కానీ ఏడుపు ఆపుకోలేకపోయింది.