ముత్తాత మూసిన గని

మెక్సికోలోని దురాంగో కొండల్లో కంచరగాడిదలు తోలుకునే మకారియో ఇబర్రోలాను అందరూ గనిపిచ్చోడనేవారు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం నుంచి వలసవచ్చిన అతని ముత్తాత, అపాచీ తెగవాళ్ల దాడికి భయపడి తన వెండి గనిని రాతిగోడతో మూసేశాడని ఇంట్లో చెప్పుకునేవారు. తీరిక దొరికితే చాలు, మకారియో ఆ గని ఉందనుకున్న కొండను తవ్వేవాడు.

"వెండి పళ్లెంలో తిండి పెడతానన్నావు. ముందు ఈ మట్టి మూకుడన్నా నింపవయ్యా," అని భార్య చోనా ఎత్తిపొడిచేది.

ఒక వానాకాలం కొండచరియ విరిగి గోడ బయటపడింది. ఇద్దరూ రాళ్లు తొలగించి, దివిటీ పట్టుకుని లోపలికి వెళ్లారు. వెండి లేదు. గోడను ఆనుకుని మనుషుల ఎముకలున్నాయి, కాళ్ల దగ్గర సంకెళ్లున్నాయి. గోడ లోపలివైపంతా రాళ్లతో, గోళ్లతో గీరిన గుర్తులు.

మకారియో ఆ గీతలను వేళ్లతో తడిమాడు.

"గని పనివాళ్లను బతికుండగానే లోపల పెట్టి మూసేశాడు, చోనా," అన్నాడు. "వీళ్లు గని దారి ఎవరికీ చెప్పకూడదని."

"మీ ముత్తాతేనా?"

"ఇంకెవరు."

ఆ ఎముకలను కంచరగాడిదల మీద కొండ దించి, ఊరి శ్మశానంలో పాతిపెట్టాడు. చనిపోయినవాళ్ల పేర్లు తెలియవు గనుక, వాళ్లను చంపినవాడని తన ముత్తాత పేరే శిలువ మీద చెక్కించాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు తలుపు మూసినా, ఊపిరాడనట్టు లేచివెళ్లి తెరిచేవాడు.