నేను ఊదిన దొంగ విజిల్

నేనొకసారి దొంగ విజిల్ ఊదాను. ఈ ఒక్క మాటను ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పకుండా మోశాను. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. నాకు పరువుందని అనుకునేవాళ్ళ ముందు చెప్పడానికి నోరు రాలేదు.

నేను బడిలో ఆటల టీచర్ని. ముందర పీఈటీ మేడమ్ అంటారు, వెనకాల ఇంకేదో అంటారు. నోరు పెద్దది నాకు. "ఓడిపోతే పోండే, తొండి ఆడితే మాత్రం కాళ్ళిరగ్గొడతా" అని పిల్లల మీద రోజూ ఎగురుతాను. ఎగిరి ఎగిరి, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతాను. తొండి గురించి మాట్లాడే అర్హత నాకెక్కడిది?

మాది తర్లుపాడు పక్కన పల్లె. మా నాయన బడిపిల్లలు రాసుకునే పలకలు చేసే పనికి పోయేవాడు. డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్యలో రెండేళ్ళ కోర్సులో చేరాను. హాస్టల్లో నా గదికి వచ్చిన పిల్ల గురవమ్మ. అసలు పేరు అది కాదు, మార్చి రాస్తున్నాను. పుల్లలచెరువు అవతల, అడవి అంచున వాళ్ళ ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. గొర్రెల వెంట పరిగెత్తి పెరిగింది కదా, అబ్బా, ఏం దమ్ము తనది!

కబడ్డీలో కూతకు వెళ్ళినవాళ్ళు ఊపిరి తీసుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండాలని మీకు తెలిసే ఉంటుంది. వేరే మాట అంటే చెల్లదు. అంపైర్ విజిల్ ఊది వెనక్కి పంపేస్తారు, ఆ కూతలో ఎంతమందిని ముట్టుకున్నా లెక్కలోకి రాదు. గురవమ్మ వాళ్ళ ఊళ్ళో కబడ్డీ అనరు, చెడుగుడు అంటారు. వచ్చిన కొత్తలో కబడ్డీ అనే మొదలుపెట్టేది, ఆట వేడెక్కేసరికి చెడుగుడులోకి జారిపోయేది. గ్రౌండంతా ఒకటే నవ్వు. "ఏమే చెడుగుడూ" అని పిలిచేవాళ్ళు.

దాన్ని మాన్పించింది నేనే. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. బట్టలు పిండేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు తనతో కబడ్డీ కబడ్డీ అనిపించేదాన్ని. తప్పితే వీపు మీద ఒకటి వేసేదాన్ని. రెండో ఏడాదికల్లా ఆ నోరు పూర్తిగా కుదిరింది. ఎంత కుదిరిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఆ ఏడాదే యూనివర్సిటీ జట్టు ఎంపికలకు మా కాలేజీ నుంచి ఒక్క అమ్మాయిని, కూతకు వెళ్ళే అమ్మాయిని పంపాలన్నారు. చివరికి మిగిలింది ఇద్దరం, గురవమ్మా నేనూ. మా నాయన అప్పటికే పనిలో అందరికీ చెప్పేసినాడు, మా పిల్ల యూనివర్సిటీకి ఆడబోతుందని. నేను వెళ్ళకపోతే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు అనుకున్నాను. అవునా? ఆయన తలేనా నా బాధ? కాదులెండి. గురవమ్మ నాకంటే బాగా ఆడుతోంది. నేను నేర్పిన పిల్ల నన్ను దాటిపోతోంది. అది కడుపులో మండింది.

ఆడటమే కాదు, ఆడించడమూ మా చదువే. అందుకని మా సార్ మ్యాచ్ మధ్యలో ఎవరో ఒకర్ని బయటికి పిలిచి విజిల్ చేతికిచ్చేవారు. ఎంపిక మ్యాచ్ రోజు మొదటి సగం నేను ఆడాను. రెండో సగానికి సార్ నాకే విజిల్ ఇచ్చి, దూరంగా నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పోటీలో ఉన్న పిల్లకే విజిల్ ఏంది సార్ అని ఒక్కరూ అడగలేదు. నన్ను అంతగా నమ్మేవాళ్ళు.

చివరి కూత గురవమ్మది. వెళ్తూనే ఒకర్ని ముట్టుకుంది, తిరుగుతూ ఇంకొకర్ని. మూడో పిల్ల చీలమండ పట్టుకుంది. ఆ పిల్లను కూడా ఈడ్చుకుంటూ నడిమి గీత వైపు వస్తోంది, మట్టిలో మోకాళ్ళు గీసుకుపోతున్నా కూత ఆపడం లేదు. చుట్టూ అరుపులు. ఆ గోలలో తన కూతను చెవి పెట్టి వింటున్నది నేనొక్కదాన్నే. చెయ్యి చాస్తే గీత అందుతుంది. అప్పుడు సార్ కుర్చీలోంచి లేచారు. ఆయన మొహం చూశాను. నిర్ణయం అయిపోయిందని అర్థమైంది.

విజిల్ ఊదాను.

"చెడుగుడు అనింది సార్."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది అతికింది. వేరే ఏ తప్పు చెప్పినా గొడవయ్యేది. ఈ తప్పు చెప్పేసరికి అందరూ నవ్వారు. పాత జబ్బు తిరగబెట్టిందే అని ఎవరో అన్నారు. సార్ కూడా నవ్వారు గానీ, తర్వాత తల అడ్డంగా ఊపి, అక్కడికి పోయి కూడా ఇట్ల అంటే కాలేజీ పరువేం కావాలమ్మా అన్నారు. ఎంపికలకు నన్ను పంపారు.

గురవమ్మ నా మీదికి వస్తుందనుకున్నాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. సాయంత్రం కుళాయి దగ్గర మోకాళ్ళ మట్టి కడుక్కుంటూ నన్ను పిలిచింది.

"అక్కా, నిజంగా అట్ల అన్నానా?"

"అన్నావు."

"నాకేమో కబడ్డీ అన్నట్లే ఉండె. నా నోరు నాకే తెలీలేదు చూడు."

బకెట్ నిండుతుంటే దానివైపే చూస్తున్నాను.

"నువ్వు కాబట్టి ఊదినావక్కా. ఇంకొకరైతే స్నేహమని గమ్మున ఉండేవాళ్ళు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటాది మా అవ్వ. ఇదేనేమో."

నవ్వింది. తన బకెట్‌తో పాటు నాదీ ఎత్తుకుని మెట్లెక్కింది. మోకాళ్ళకు ఇంకా రక్తం కారుతూనే ఉంది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. వెనకాలే నాలుగు మెట్లెక్కి, ఒసే, నువ్వు అనలేదే అని చెబితే ఏం పోయేది? తిట్టి ఉంటే, కొట్టి ఉంటే చెప్పేసేదాన్నేమో అని చాలాసార్లు అనుకున్నాను. అదీ సాకే. నన్ను నమ్మింది కాబట్టి చెప్పలేదని ఆ తప్పు కూడా తన మీదే వేస్తున్నానా?

నేను ఎంపికలకు వెళ్ళాను, ఆడాను, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మా నాయన దాన్ని పలకకు కట్టినట్టు చట్రం కట్టించి గోడకు పెట్టినాడు. గురవమ్మ కూత మాత్రం ఆ రోజు నుంచి మారిపోయింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ అనేది. నోటిని కాపలా కాసుకుంటూ ఆడితే కాలేం సాగుతుంది? కోర్సు అయిపోయింది, ఎవరి దారి వాళ్ళు చూసుకున్నాం.

మొన్న గిద్దలూరులో బడిపిల్లల పోటీలకు మా పిల్లల్ని తీసుకెళ్ళాను. "అక్కా!" అని ఎవరో గ్రౌండ్ అవతల నుంచి పరిగెత్తుకొచ్చారు. గురవమ్మ. కొంచెం లావైంది, నవ్వు మాత్రం అదే. ఒక ప్రైవేటు బడిలో ఆటలు నేర్పుతోందట. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి తన పిల్లల ముందు నిలబెట్టింది.

"నేను చెప్పలా మీకు, ఈమేనే ఆ అక్క! నాకు ప్రాణమిచ్చే మనిషి, అయినా నా నోరు జారితే విజిల్ ఊదింది. అంపైరంటే ఇట్ల ఉండాల."

పిల్లలు నావైపు కళ్ళింతలు చేసుకుని చూశారు. ఒక పిల్ల లేచి నమస్తే మేడమ్ అంది. నేను నవ్వాను. నవ్వడం కూడా వచ్చింది నాకు, చూడండి.

తర్వాత వాళ్ళ ఆట చూశాను. ఆ పిల్లలంతా క... బ... డ్డీ అని ఒక్కో అక్షరం తూచి తూచి అంటున్నారు. అవతలివాళ్ళను ముట్టుకోకముందే దమ్మైపోయి వెనక్కి వచ్చేస్తున్నారు. ఎందుకట్ల నేర్పినావే అని అడిగాను. నోరు తొందరపడితే జారుద్ది గదక్కా, నాకు తెలీదా అంది. వాళ్ళు ఓడిపోయారు. గురవమ్మ ఒక్కో పిల్ల తల నిమిరి నీళ్ళు తాగించింది. నేను మా పిల్లల్ని బస్సెక్కించి వచ్చేశాను.

తనకు చెబితే ఇన్నాళ్ళ స్నేహం పోతుందని, తను కుమిలిపోతుందని బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉత్తమాట. భయం, అంతే. నా పొరపాటు ఒక మనిషితో ఆగిందనుకున్నాను ఇన్నాళ్ళు. పొరపాటంటున్నాను చూశారా, ఇప్పుడు కూడా? అది పొరపాటు కాదు, తొండి.

పేరు మార్చాను గానీ చెడుగుడు మార్చలేదు. ఇది చదివితే తనకు తెలిసిపోతుంది. తెలియనీ. క్షమించమని అడగడం లేదు, అడిగే మొహం నాకు లేదు. తిట్టనీ, మాట్లాడటం మానేయనీ. ఆ పిల్లలకు మాత్రం మళ్ళీ ఊపిరి నిండా కూత నేర్పితే చాలు.

గురవమ్మా, నువ్వు చెడుగుడు అనలేదు. గీత దాకా కబడ్డీ అనే అన్నావు. నేను విన్నాను.