లక్క కరిగించిన దొంగ

ఒక మనిషి, కాస్త లక్క, ఒక రేకుల గది. ఈ మూడింటితో ఒక కాలనీకి రావలసిన నీళ్ళను దాదాపు ఆపేసిన ఘనత నాది. మా సీమలో కరువు కూడా ఇంత తక్కువ సరంజామాతో ఆ పని చేయలేదు. ఎలా చేశానో చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. ఎవరెవరు నవ్వారో నేను గుర్తు పెట్టుకుంటాను, అంతే.

నా పేరు మద్దిలేటి. బేతంచెర్ల బండలు అమ్ముతాను. మా మున్సిపాలిటీలో నన్ను ఎరగని గుమాస్తా లేడు. వీధి దీపం వెలగకపోతే ఒక అర్జీ, పట్టపగలు వెలిగితే ఇంకో అర్జీ. దీనికి కారణం ఉంది. మా కాలనీ ఇళ్ళ ప్రారంభం నాడు అందరినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. షామియానా కట్టినవాడికి కూడా కప్పారు. ఆ ఇళ్ళలో పరిచిన బండలు నావి. నన్ను పిలవలేదు. అప్పటి నుంచి మున్సిపాలిటీ ఏ పని తలపెట్టినా దాని వెనక ఏదో ఉందని నాకు గట్టి నమ్మకం.

కొన్నేళ్ళ కిందట, ఎండాకాలం మొదట్లో, కమిషనరమ్మ మా కాలనీలో మీటింగు పెట్టింది. ఆమె మెల్లగా మాట్లాడే మనిషి. అలాంటివాళ్ళంటే నాకు మొదటి నుంచీ అనుమానం.

"మీ ఇళ్ళు కట్టడానికి మున్సిపాలిటీ బాండ్లు అమ్మి డబ్బు తెచ్చింది," అన్నది ఆమె. "ఆ వడ్డీ చాలా ఎక్కువ. ఇప్పుడు తక్కువ వడ్డీకి కొత్త బాండ్లు వేసి పాతవి తీర్చేస్తాం. మిగిలే వడ్డీతో మీ కాలనీకి పైపులైను వేస్తాం."

నా పక్కింటి బాషా టైలరు. నోరు ఊరుకోదు. "అంటే మేడం, సుంకులమ్మొదిన కమ్మలు ఆ బ్యాంకులోంచి ఇడిపించి, వడ్డీ తక్కువని ఈ బ్యాంకులో పెట్టినట్టు గదా?"

"సరిగ్గా అంతే."

సుంకులమ్మ నా భార్య. ఆ కమ్మల సంగతి కాలనీ అంతటికీ తెలిసినందుకు నేను బాషా మీద కోపంగా ఉండాలి. కానీ నా మనసు అక్కడ లేదు. మా ఇంటి గోడకు మేకు కొడితే చేటెడు పెచ్చు ఊడుతుంది. అలాంటి గోడలను నమ్ముకుని బొంబాయిలో ఎవరో, మా ముఖాలు కూడా చూడకుండా, కోట్లు పెట్టారట. ఇంటికొచ్చి ఆ గోడను ఒకసారి తడిమి చూశాను. అంత గొప్పదని అంతవరకూ తెలియదు.

ఈ బాండ్ల మార్పిడి చేసిపెట్టడానికి బయటి సలహా కంపెనీ ఒకటి కావాలి. కంపెనీలు తమ రేటు రాసి, కవరుకు లక్క సీలు వేసి పంపుతాయి. వాటిని కౌన్సిల్ హాల్లో, ప్రజల తరఫున ఒక సాక్షి చూస్తుండగా విప్పాలి. ఆ సాక్షిగా నన్ను పెట్టారు. నా నోరు మూయించడానికే పెట్టారని బాషా అన్నాడు. నా విలువ తెలిసి పెట్టారని నేను అన్నాను.

హాల్లోకి అడుగుపెట్టాను. అంత ఎత్తు పైకప్పు, అంత పొడుగు బల్ల, దాని చుట్టూ మైకులు. నా కుర్చీ ముందు కూడా ఒక మైకు. శ్రీశైలంలో డ్యాం గేట్లు ఎత్తినప్పుడు గట్టు మీద నిలబడ్డవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది. కవర్లు పళ్ళెంలో పెట్టి తెచ్చారు. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒక కవరు మీద లక్క, పెనం మీద పోసిన దోసెలా పరుచుకుని ఉంది.

మైకు దగ్గరికి లాక్కున్నాను. "నాకు అభ్యంతరం ఉండాది."

"ఏమిటండీ?" అన్నది కమిషనరమ్మ.

"ఈ సీలు కరిగినాది. ఎవరో దీపం చూపించి కరిగించి, లోపల రేటు చూసుకోని, మళ్ళా అంటించినారు."

"ఎండకు కరిగి ఉండొచ్చు కదా మద్దిలేటి గారూ."

"మేడం, నేను పుట్టింది ఈడనే. ఎండకు మనుషులు పడిపోతారు గానీ సీళ్ళు పడిపోవు."

ఇంత తెలివితక్కువ మాట ఆ మైకు అంతకు ముందు విని ఉండదు. కానీ అది హాలంతా మోగింది. నా గొంతు గోడలకు తగిలి నాకే తిరిగొచ్చింది. ఆ అదిరిపాటులో ఒక తీర్మానం కూడా రాయించాను: సీలు మీద అనుమానం వస్తే ఎంపిక ఆగిపోవాలి. దాన్ని ఒప్పుకున్నారు. కోట్ల బాండ్లు, బొంబాయి పెద్దమనుషులు, అంతా బండలమ్మే మద్దిలేటి మాట మీద ఆగిపోయారు. ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి రాలేదు. తేలి వచ్చాను.

సుంకులమ్మ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. "ఏమయ్యా, పైపు వస్తాదా?"

"ముందు న్యాయం రానీ."

"న్యాయంతో పప్పు ఉడకదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పు."

కంపెనీలన్నీ మళ్ళీ కవర్లు పంపాలని కబురు పోయింది. నెలాఖరులోగా ఎంపిక జరిగితేనే పాత బాండ్లు ఈ ఏడు తీర్చగలమని, లేదంటే పైపు వచ్చే ఏటి మాటేనని కమిషనరమ్మ నాకు విడిగా చెప్పింది. నేను వినలేదని కాదు. విన్నాను. కానీ ఈసారి కాపలా ఏర్పాట్లు నావే అన్నాను. ఆమె ఒక క్షణం నా ముఖం చూసి, సరే అన్నది. ఆ సరేలో ఎంత ఓపిక ఉందో ఇప్పుడు అర్థమవుతుంది.

కొత్త కవర్లు రాగానే కంపెనీల సీళ్ళ మీద నా సీలు ఒకటి వేశాను. పిసినారితనం లేకుండా, పచ్చడి జాడీకి మూత బిగించినంత లక్క పోశాను. కవర్లన్నీ ఒకదాని మీద ఒకటి ఇనుప బీరువాలో పేర్చాను. ఎవరూ ఎత్తకుండా పైన నా అంగడి నుంచి తెచ్చిన నల్లబండ పెట్టాను. ఆ బీరువాను మున్సిపల్ ఆఫీసు మేడ మీద పడమటి వైపున్న రేకుల గదిలో పెట్టించాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

"మద్దిలేటన్నా," అన్నాడు బాషా, "ఆఫీసులో ఇన్ని గదులుంటే ఆ గదే ఎందుకు?"

"ఆ గదిలోకి ఎవరూ పోరప్పా. అందుకే."

"ఎందుకు పోరో అడిగినావా?"

"అడగాల్సిన పనేముండాది? భయం."

"దేనికి భయం?"

నేను తాళంచెవి ముడి ఇంకోసారి బిగించుకున్నాను. చిన్నవాళ్ళతో వాదన పెట్టుకోను.

ఆ నెల ఎండ గురించి మీకు నేను చెప్పాలా? మైదుకూరు పోయి వచ్చిన బస్సులో సీటు మీద కూర్చోలేక జనం నిలబడి వచ్చారు. ఆ రోజుల్లో నేను మధ్యాహ్నం పూట మెట్ల కింద నీడలో కుర్చీ వేసుకుని కాపలా కాశాను. పైకి ఒక్క మనిషిని పోనివ్వలేదు. నిజంగా ఎవరూ రాలేదు కూడా. నా పేరుకు జడిశారనుకున్నాను.

ఆఖరు రోజు వచ్చింది. కౌన్సిలంతా మేడెక్కింది. కాలనీ ఆడవాళ్ళు కూడా వచ్చారు, ముందు సుంకులమ్మ. తాళం తీసి బీరువా తలుపు లాగాను. వేడిగాలి ముఖాన కొట్టింది. నల్లబండ ఎత్తబోయాను. బండతో పాటు కవర్లన్నీ లేచి వచ్చాయి. నా లక్క, వాళ్ళ లక్క కలిసి కారి, బండ బరువుకు నొక్కుకుని, అన్ని కంపెనీలూ ఒకే ముద్దయిపోయాయి, పాకం ముదిరిన వేరుశనగ చిక్కీలాగా.

ఎవరూ నవ్వలేదు. అదే శానా బాధ.

కమిషనరమ్మ ఆ ముద్దను రెండు చేతులతో పట్టుకుని చూసింది. "మద్దిలేటి గారూ, దీనికి దీపం చూపించింది ఎవరు?"

"తాళంచెవి నా దగ్గరే ఉండాది మేడం."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన ఆకాశం మధ్య నుంచి కాస్త పడమటికి జరిగి, ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాడు.

"సీలు మీద అనుమానం వస్తే ఎంపిక ఆగాలి. మీరు రాయించిందే," అన్నది ఆమె. "అనుమానం లేదని సాక్షి రాసిస్తే తప్ప. కారణంతో సహా."

కారణం రాస్తే మొదటి అభ్యంతరం తప్పని నేనే ఒప్పుకున్నట్టు. నా జన్మలో ఒక్క అర్జీ వెనక్కి తీసుకోలేదు. బాషా నేల చూస్తున్నాడు. అందరూ నేల చూస్తున్నారు. సుంకులమ్మ ఒక్కతే నన్ను చూసింది. గట్టిగా అనలేదు.

"రాయయ్యా. వచ్చే ఏడు దాకా మోయాలంటే నా నడుము నిలబడదు."

రాశాను. చెమటకు కాగితం చేతికి అంటుకుంది. "పై సీళ్ళు సూర్యుని వేడికి కరిగినవి. ఇంతకు మునుపు కరిగిన సీలు కూడా అదే విధంగా కరిగినదని నమ్ముతున్నాను. ఈ విషయంలో ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు." నా చేతిరాతలో ఆ ఆఖరి వాక్యం చూడడానికి ముసలి గుమాస్తా ఒకాయన కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు.

తర్వాత ఆమె చేసింది చూసి నేను అప్పటికీ ఇప్పటికీ నోరు తెరిచే ఉన్నాను. ఆ ముద్దను బండతో సహా క్యాంటీన్ ఫ్రిజ్‌లో, మజ్జిగ ప్యాకెట్ల పక్కన పెట్టించింది. కౌన్సిలంతా గుడి తలుపులు తెరుస్తారని ఎదురుచూసే భక్తుల్లా ఆ ఫ్రిజ్ ముందు నిలబడింది. కాసేపటికి బయటికి తీసి మెల్లగా తడితే లక్క గాజులా పెళుసుగా విరిగి రాలింది. కవర్లు దేనికది విడిపోయాయి. ఒక్కటి కూడా చిరగలేదు. అందరికంటే తక్కువ రేటు వేసింది, మొదటిసారి నేను ఏ కవరు సీలును అనుమానించానో ఆ కంపెనీయే.

పైపు వచ్చింది. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం సుంకులమ్మ కుళాయి తిప్పింది. నేను దోసిలి పట్టి, అబ్బా అని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నీళ్ళు మసులుతున్నాయి. పైపును లోతుగా పూడ్చలేదు.

"ఏమైనాది?" అన్నది సుంకులమ్మ, నా జేబులో పెన్ను వైపు చూస్తూ.

"ఏం లేదు. శానా బాగుండాయి."

కాబట్టి చదివేవాళ్ళందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట, పడమటి దిక్కుకు సంబంధించిన ఏ వ్యవహారంలోనూ ఇక ఏ అధికారినీ అనుమానించను. చలికాలం గురించి నన్నేమీ అడగొద్దు.